అయిదో కప్పు మూత

బండి నాలుగింటికి వస్తుందని చిజురు రెండుసార్లు చెప్పింది, గుమ్మంలో నేను విడిచిన బూట్లను వీధివైపు తిప్పి పెడుతూ ఒకసారి, కిరసనాయిలు స్టవ్ మీద కెటిల్ పెడుతూ ఇంకోసారి. రెండుసార్లూ ఆమె మర్యాదగా మింగేసిన మాట, అంతలోపల రాసేయండి అని. ఇప్పుడు మూడూ అయిదయింది. ఈ ఇంటి పెద్దావిడ ఫుసయె గారు వారానికి మూడు రోజులు వృద్ధుల పగటి కేంద్రానికి వెళతారట, అక్కడ స్నానం చేయిస్తారట, పాటలు పాడిస్తారట, సాయంత్రం తెల్ల వ్యానులో తెచ్చి దింపుతారట. ఎనభై ఏడేళ్ళ మనిషి చేత చప్పట్లు కొట్టించే ఆ దయ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు, అయినా వచ్చింది. నా కోపం ఎప్పుడూ పక్కదారిన పోతుంది, వెళ్ళవలసిన ఇంటికి వెళ్ళదు. నా ముందు పొట్టిబల్ల మీద కొత్త పెట్టె, విడిగా దాని మూత, ఇంకా ఒక్క అక్షరం పడని లేతరంగు చెక్క. పక్కన సిరా రాయి, సిరా కడ్డీ, ఫుకువొక నుంచి గుడ్డలో చుట్టి తెచ్చుకున్న సన్న కుంచె. వీటన్నిటి మధ్య, నలభై ఒక్క ఏళ్ళు పెట్టె లేకుండా తువ్వాలులో చుట్టి ఉన్న కప్పు. ఈ పింగాణీ ఊరు అరితలో పెట్టె లేని కప్పు అంటే ఇంటిపేరు లేని పిల్ల. మూత మీద ఫలానా వారి చేత అని రాసి, లోపల తెలిసిన మనిషి సంతకం చేసేదాకా అది టీ తాగే పాత్ర మాత్రమే. ఆ తెలిసిన మనిషిని నేను. దీన్ని పెట్టెలోంచి తీయించి బయటపడేయించినదీ నేనే.

చేతిలోకి తీసుకున్నాను. చెవి లేని చిన్న కప్పు, పట్టుకుంటే అరచేతి గుంటలో ఒదుగుతుంది. పెదవి తాకే అంచు కోడిగుడ్డు పెంకు కన్నా కొంచెమే మందం. గోటితో తట్టితే సన్నటి మోత, ఆగిందనుకున్నాక కూడా కాసేపు వినిపించే మోత. అడుగున గాజుపూత ఆగిన చోట ఒక ఇసుక రేణువు కరిచిపట్టుకుని ఉంది. మధ్యలో నీలంతో ఇవనగా బట్టీ గుర్తు. గుర్తు ఎవరైనా వేయగలరు. దాన్ని చూసి విలువ చెప్పేవాళ్ళను నేను నా వృత్తిలో మనుషులుగా లెక్కపెట్టలేదు. ముందు ఆకులు చూడాలి. కప్పు చుట్టూ పాకిన తీగ, తీగకు పదకొండు ఆకులు, ఒక్కొక్క ఆకుకు సన్నగీతతో అంచు, ఆ అంచు లోపల నింపిన నీలం. నింపే కుంచె బొటనవేలి కన్నా లావు, జింక వెంట్రుకలది, రంగునీళ్ళు తాగి బరువుగా వేలాడుతుంది. దాన్ని మట్టికి తగిలీ తగలకుండా పట్టుకుని, నీటిని ఆకు ఒక అంచు నుంచి రెండో అంచుకు నడిపించి, మిగిలిన చుక్కను కొనతో తిరిగి పీల్చేయాలి. ఎంత ఒడుపుగా పీల్చినా ఆఖరి అంచున వెంట్రుకవాసి ముదురునీలం మిగిలిపోతుంది, బట్టీ నిప్పు దాన్ని శాశ్వతం చేస్తుంది. కుడిచేతి మనిషి నడిపిస్తే అది ఆకుకు కుడి అంచున ఉంటుంది, ఎడమచేతి మనిషి నడిపిస్తే ఎడమ అంచున. ఈ కప్పులో పదకొండు ఆకులకూ కుడివైపు. దీనితో ఒకే పెట్టెలో వచ్చిన మిగతా నాలుగింటిలో, నలభై నాలుగు ఆకులకూ ఎడమవైపు. ఇంత సంగతీ నా ముప్ఫై ఒకటో ఏట, ఫిబ్రవరి వెలుతురులో, ఒక్క నిమిషంలో చూశాను. ఆ చూపులో తప్పు లేదు. ఉండి ఉంటే నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేదాన్ని.

ఆ రోజూ ఇదే కిరసనాయిలు వాసన. ఇవనగా వారి పెద్ద గది, గడ్డిచాపల మీద వరసగా కూర్చున్న వర్తక సంఘం పెద్దలు పన్నెండుమంది, వాళ్ళ చివర నేను, పట్నంలో పెద్ద దుకాణం వారి కళావిభాగం పంపిన పరీక్షకురాలిని, ఒడిలో తెల్ల చేతితొడుగులు. వసంతకాలం ప్రదర్శనకు ఇవనగా సోహే గారి అయిదు కప్పులు కావాలి, అవి ఆయన చేతివే అని మూతలో నేను రాయాలి. గీత మగవాళ్ళది, నింపడం ఆడవాళ్ళది అనేది ఈ ఊరి ఆచారం. ఇవనగా వారి గొప్ప ఏమిటంటే సోహే గారు రెండూ తానే చేస్తారు, నింపే ఆడవాళ్ళు రోజువారీ పళ్ళాలకే తప్ప ఆయన కప్పుల జోలికి పోరు. నేను పొద్దున్నే చూసేశాను, నాలుగు ఎడమ, ఒకటి కుడి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెబుదామని ఆగాను, సభను చూసుకుని చెప్పాలన్న ఆడంబరం అప్పటికే నాలో ఉంది. భోజనాల దగ్గర కూడా ఒక కప్పు పట్టుకుని కిటికీ వెలుగుకు తిప్పుతుంటే, వడ్డిస్తున్న మనిషి నా మీదుగా వంగింది.

"ఏమే పట్నం పిల్లా, అంత దగ్గరగా చూస్తే దానికి సిగ్గేస్తుంది."

"చూడటమే నా పనండీ."

"చూడు, చూడు. మేమూ చూస్తున్నాం, నీ అన్నం చల్లారిపోవడం."

వరస వరసంతా నవ్వింది. నేను నవ్వలేదు. నలభై ఆరేళ్ళ మనిషి, తల మీద తువ్వాలు, గోళ్ళ మొదళ్ళలో నీలం. నింపే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్న ఫుసయె అని ఎవరో చెప్పారు. పులుసు గిన్నె ఏ చేత్తో అందించిందో నేను చూడలేదు. అందించే చేతిని ఎవరు చూస్తారు? ఎదురుగా సోహే గారు పుల్లలు కుడిచేత్తో పట్టుకుని తింటున్నారు, అది మాత్రం చూశాను, చూసి మురిసిపోయాను. ఆ తరంలో ఎడమచేతివాటం పిల్లల చేయి కట్టేసి కుడిచేత్తో తినడం నేర్పేవారు. మా మేనమామ అలాంటివాడే, తిండి కుడిచేత్తో, రంపం ఎడమచేత్తో. ఈయనా అలా దిద్దబడ్డ మనిషే, తినే చేయి వేరు, పనిచేసే చేయి వేరు అని తేల్చుకున్నాను. కళ్ళ ముందున్న సాక్ష్యాన్ని ముందే రాసుకున్న తీర్పుకు తగ్గట్టు వంచడానికి నాకు ఒక ముద్ద మింగేంత సేపు పట్టింది. దానికి తోడు ఆచారం: ఇక్కడ కప్పులు అయిదేసి చేస్తారు, అయిదింట్లో ఒకటి పగిలితే బట్టీవారు మరొకటి చేసి జతపరుస్తారు, మూత లోపల 'ఒకటి చేర్పు' అని రాస్తారు, రాయకుండా జతపరచడం ఈ వృత్తిలో దొంగతనం కన్నా హీనం. నాలుగు ఒక తీరున ఉండి ఒకటి వేరుగా ఉంటే చేర్పు ఏదో చెప్పడానికి చదువు అక్కర్లేదు. నాకు చదువు ఉంది, అయినా నలుగురున్న పక్షమే న్యాయం అనే ఊరివాళ్ళ లెక్కే వేశాను. ఆ నాలుగే ఒక చేతివని, ఆ చేయి సోహే గారిది కాదని, అయిదులో ఆయన చేసింది ఆ ఒక్కటే అయి ఉండవచ్చని నాకు తట్టనే లేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఒక్క ఆకు నింపి చూపించండి అని అడిగితే సరిపోయేది. అడగడం అమర్యాద అనుకున్నాను. ఆ మర్యాదే తర్వాత ఒక ఆడమనిషి కూడు తీసింది.

"ఇది ఇవనగా వారి చేయి కాదు," అన్నాను, కప్పును మిగతా నాలుగింటి నుంచి జానెడు దూరం జరిపి. "చేర్పు. మూతలో రాయలేదు." సోహే గారి కొడుకు మొహం ఎర్రబడింది, వడ్డించిన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "ఫుసయె! పగలగొట్టి నీది పెట్టావా?" ఆమె అతని వైపు చూడలేదు, సోహే గారి వైపు చూసింది, మూడు ఊపిర్లు పీల్చి వదిలేంత సేపు, నేను లెక్కపెట్టాను, నాకు లెక్కలంటే ఇష్టం. సోహే గారు తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. ఎదటివాళ్ళు పడవలసిన మాట తన మీద వేసుకునే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చాలా పుస్తకాల్లో చదివాను, ఆ క్షణంలో చూసి గుర్తుపట్టలేకపోయాను, నేరస్థురాలి తడబాటు అనుకున్నాను. "అవునండీ, నా తప్పే," అని ఆమె నుదురు చాపకు ఆనించింది. "నీ కప్పు నువ్వే పట్టుకుపో," అన్నాడు కొడుకు. ఆమె తల మీది తువ్వాలు విప్పి అందులో చుట్టుకుంది, ఏడవలేదు. సాయంత్రం నేను బయలుదేరేటప్పుడు నా బూట్లు వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి, ఎవరు పెట్టారు అని అడిగితే, ఫుసయె పోతూ పోతూ పెట్టింది అని నవ్వారు, అలవాటు పోలేదు పాపం అని.

ఆ ఏడాదే సోహే గారు కుంచె పక్కన పెట్టేశారు. నమ్మినవాళ్ళు చేసిన ద్రోహానికి మనసు విరిగిందని ఊరు అనుకుంది. దాన్ని అందంగా అన్నది నేను: ఒక చిన్న మోసం ఒక మహా హస్తాన్ని మూగబోయేలా చేసింది అని వ్యాసం రాశాను, అది నన్ను వృత్తిలో నిలబెట్టింది, పాఠంగా పెట్టారు, ఆ వాక్యాన్ని కుర్రవాళ్ళు నాకే అప్పజెప్పేవారు. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఇవనగా కప్పు ఎవరి ఇంట్లో బయటపడినా నా దగ్గరికే వచ్చేది, నేను అద్దం కింద పెట్టి ఎడమ అంచున ముదురు వెతికేదాన్ని, కనబడగానే మూత లోపల సోహే చేత అని రాసి సంతకం చేసేదాన్ని. కనబడనివి రెండో మూడో వచ్చాయి, ఆయన పడుచుతనంలో చేసినవి కాబోలు. వాటిని అబద్ధమని తిప్పి పంపాను. ఎంత క్రమశిక్షణతో, ఎంత శుభ్రంగా, ఎంత తిరుగులేకుండా ప్రతి కప్పునూ తలకిందులుగా చెప్పాను! ఇవనగా వారికి తెలుసు. వర్తకుల్లో ముసలివాళ్ళకు తెలుసు. తెలిసి నన్ను పొగిడారు. పట్నం నుంచి వచ్చిన చదువుకున్న ఆడది కన్నా మంచి తాళం వాళ్ళకు ఎక్కడ దొరుకుతుంది?

చిజురు మోకాళ్ళ మీద జరుగుతూ పళ్ళెం తెచ్చింది. సోయాపాల ముద్ద మీద నువ్వుల పులుసు, పక్కన వేడి బార్లీ నీళ్ళు. ఫుసయె గారి చెల్లెలి కూతురు, యాభై దాటి ఉంటాయి, పళ్ళాల కర్మాగారంలో మూటలు కడుతుందట. మాట తిన్నగా వస్తుంది.

"సిరా ఎండిపోయిందేమో, నీళ్ళు తేనా అమ్మగారూ?"

"ఇంకా అరగదీయలేదమ్మా."

"అయితే ముందు తినండి, వేడిగా ఉండగానే. పెద్దమ్మ పొద్దున వ్యాను ఎక్కేముందు మరీ మరీ చెప్పింది. పట్నం పిల్ల వస్తుంది, దానికి వేడిగా పెట్టు, పోయినసారి అన్నం చల్లార్చుకుంది అని."

"నేను గుర్తున్నానా ఆవిడకు?"

"అయ్యో, మర్చిపోవడమా! కళ్ళు పోయాక మీ వ్యాసాలన్నీ నా చేత చదివించుకుంది. ఎంత బాగా రాసిందే అనేది. వెటకారమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు." నవ్వింది, పళ్ళెం నా వైపు తోసింది. "ఈ కప్పు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదండీ. నెల రోజులు కూచున్నారట ఆయన దీని మీద. పదమూడు పాడుచేశారట. అయిదింట్లో ఒక్కటైనా నాది ఉండనీ ఫుసయె, అన్నారట, చిన్నపిల్లాడిలాగా. అదే మీరు ఏరి పారేశారు." దెప్పుతున్నట్టు అనలేదు, వాన పడింది అన్నట్టు అంది. "పెద్దమ్మకి ఇంకేం అక్కర్లేదు. తను పోయేలోగా దీని మూత మీద ఆయన పేరు పడాలి. మీ చేత్తో. అంతే."

ఆమె వెళ్ళాక తిన్నాను, వేడిగానే. మూడూ ముప్ఫై అయిదు. నెల రోజులు, పదమూడు పాడు. నాకు ఈ అంకెలు కొత్త, సంగతి కొత్త కాదు. పదకొండేళ్ళ కిందటే తెలుసు. ఒక వితంతువు కప్పు తెచ్చింది, ఎవరో జబ్బుపడితే పరామర్శకు వెళ్ళినందుకు వాళ్ళు పంపిన బదులు కానుకట, పెట్టె అడుగున ఉత్తరం మడిచి ఉంది, సోహే గారి భార్య రాసినది, నా తీర్పుకు నాలుగేళ్ళ ముందు నాటిది. బట్టీ మెట్ల మీద పడి ఆయన కుడిచేయి రెండుచోట్ల విరిగిందని, శరత్కాలం నుంచి కట్టులోనే ఉందని, ఎడమచేత్తో చెంచా కూడా పట్టలేక పసిపిల్లవాడిలా ఒలకబోసుకుంటున్నారని, ఈ కప్పు ఈ నెలలోనే బట్టీ నుంచి దిగిందని, స్వీకరించమని. కప్పు తిప్పాను. ఆకులకు ఎడమ అంచున ముదురు. కుడిచేయి కట్టులో ఉన్న మనిషి, ఎడమచేత్తో చెంచా పట్టలేని మనిషి. ఆ మధ్యాహ్నం నా గదిలో గడియారం ఎంత చప్పుడు చేసిందో నాకు జ్ఞాపకం ఉంది. వితంతువు ఎదురుగా కూర్చుని ఉంది. నేను ఏం చేశాను? చాలా అందమైన కప్పండీ, కానీ ఈ మధ్య నాకు మణికట్టు నొప్పి, మూతలు రాయడం మానేశాను అన్నాను. ఆ నొప్పిని పదకొండేళ్ళు మోశాను, కట్టు కూడా కట్టుకున్నాను సభలకు వెళ్ళినప్పుడు. ఇంత నిష్ఠగల మనిషి చేయి ఇలా అయిందే అని జనం బాధపడితే తల వంచి అందుకున్నాను. సోహే గారు తన మోకాళ్ళు చూసుకున్న ఆ మూడు ఊపిర్లను నేను అసహ్యించుకుంటూ వచ్చాను. నావి పదకొండేళ్ళు.

ఫుసయె ఇక్కడే ఉందని ఆ పదకొండేళ్ళూ నాకు తెలుసు. రైలులో గంటన్నర.

మూడూ నలభై అయిదు. సిరా కడ్డీ తీసుకుని రాయి మీద నీటిలో తిప్పాను, తిప్పుతున్నకొద్దీ నీరు నల్లబడి చిక్కబడింది, అవసరానికి మించి చిక్కబడినా ఆపలేదు, చేయి పనిలో ఉన్నంతసేపు నిర్ణయం దూరంగా నిలబడి ఉంటుంది. సోహే చేత అని ఒక్క మాట రాసి నా సంతకం పెడితే ఆవిడ కోరిక తీరుతుంది. కానీ ఇదే సంతకం ఆ నాలుగింటి మూతలో కూడా ఉంది. రేపు ఎవరైనా ఈ అయిదింటినీ ఒక బల్ల మీద పెడితే, ఒక మనిషికి రెండు చేతివాటాలు ఎలా వచ్చాయని అడుగుతారు, అడిగిన చోట నుంచి నా ముప్ఫై ఏళ్ళ మూతలు ఒకదాని వెంట ఒకటి ఊడిపోతాయి. బాగానే ఉంది. ఎవరో ఊడదీసేదాకా ఎందుకు ఆగాలి? ఇన్నాళ్ళూ ఆగినది చాలదా? ఇది పశ్చాత్తాపమా, చివరి మాట కూడా నాదే కావాలన్న పాత ఆడంబరమా? తెలియదు. మూతను దగ్గరికి లాక్కున్నాను. పైన రాశాను: నీలాకుల టీ కప్పు, ఒకటి. ఇవనగా సోహే చేత. మూత తిరగేశాను. లోపల రాశాను: దీని జత నాలుగూ, ఆ బట్టీ పేర నేను నిజమని రాసినవన్నీ, ఈమె చేత, తిరగేసి చెప్పినది నేను, కినుయొ. చివర ఎడంగా, మిగతా అక్షరాల కన్నా పెద్దగా, ఇంటిపేరుతో సహా తగామి ఫుసయె అని రాశాను. కుంచె ఎత్తేసరికి మణికట్టు నిజంగానే నొప్పి పుట్టింది.

వీధిలో వ్యాను వెనక్కి వస్తున్న గంట. తలుపు జరిగిన చప్పుడు, ఎవరో మగమనిషి, "మెట్టు, మామ్మగారూ, మెట్టు." దానికి జవాబుగా, నలభై ఒక్క ఏళ్ళలో ఎండి సన్నబడినా మారని ఆ గొంతు: "మెల్లగా నాయనా, నేను పగిలితే చేర్పు దొరకదు." అతను నవ్వాడు. చిజురు పట్టుకుని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టింది. స్నానం చేసిన సబ్బు వాసన, చిన్నదైపోయిన మనిషి, కళ్ళు నా భుజం మీదుగా స్టవ్ వైపు ఉన్నాయి. నేను నుదురు చాపకు ఆనించాను. ఆమెకు కనబడదని వంగాక గుర్తొచ్చింది, అయినా లేవలేదు.

"వచ్చావా పట్నం పిల్లా. తిన్నావా?"

"తిన్నానండీ. వేడిగానే."

"రాశావా?"

"రాశాను."

"చదువు. గట్టిగా చదువు, వ్యానులో అందరితో పాటలు పాడి చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి."

పైన రాసినది చదివాను. ఆమె తల ఊపింది, ఒకసారి, నెమ్మదిగా, బట్టీ తలుపు తీశాక మొదటి కప్పు బాగా వచ్చిందని చెబితే ఊపినట్టు. లోపల రాసినది చదివాను. ఇబ్బందిగా ఉన్న చోట గొంతు తగ్గించడం నాకు అలవాటు, తగ్గించకుండా చదివాను, చిజురు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చదవడం అయ్యేసరికి కెటిల్ మరుగుతోంది.

"నా పేరు ఎందుకు?" అంది ఆమె. "నేను అడిగింది ఆయన పేరు."

"ఉండాలి కనక."

"ఎక్కడుంది?"

నేను చేయి చాచాను. ఆమె ఎడమచేయి ఇచ్చింది. బొటనవేలిని తీసుకువెళ్ళి పేరుకు కుడి చివర ఆనించాను. సిరా నేను చిక్కగా తీసినది, ఇంకా ఆరలేదు. ఆమె వేలు దాని తడిని ఒక క్షణం వాసన చూసినట్టుగా ఆగింది, తర్వాత నా చేతిని వదిలించుకుని, తొందర లేకుండా, ఒత్తిడి లేకుండా, కుడి నుంచి ఎడమకు ఒకే ఊపున నడిచింది, తన పేరు మీదుగా, మొత్తం మీదుగా; అంచు చేరాక వేలి కొన కొద్దిగా ఎత్తి మిగిలిన చుక్కను పీల్చినట్టు తీసింది. చెక్క మీద బూడిదరంగు ఆకు ఒకటి మిగిలింది. పేరు లేదు.

"పెద్దమ్మా!" అంది చిజురు.

"ఉండవే," అంది ఆమె. ముఖం నా వైపు తిప్పింది. "ముదురు ఎటు చేరింది, పట్నం పిల్లా?"

చూశాను. అద్దం అక్కర్లేదు. "ఎడమవైపండీ."

"అప్పుడూ చూశావుగా," అంది, నల్లబడిన బొటనవేలిని ఒళ్ళో తువ్వాలుకు తుడుచుకుంటూ. "చిజురూ, నీళ్ళు మరిగాయి, వినపడట్లా? ఆ కప్పులోనే పొయ్యి ఈవిడకి. పక్కనే కూచో, లేకపోతే మళ్ళీ చల్లార్చుకుంటుంది."